పని అయ్యాకే ఫీజు: అమెరికా కాలేజీ స్పోర్ట్స్ స్కాలర్‌షిప్ ప్యాకేజీల్లో సరుకెంత?

కాకినాడ, రాజమండ్రి, భీమవరం వైపు ఎంఎస్‌కి పంపే కన్సల్టెన్సీలు కొత్తేమీ కాదు. ఇంటర్ అవగానే ఆటలాడే పిల్లల్ని అమెరికా కాలేజీకి స్కాలర్‌షిప్ మీద పంపిస్తామన్న ప్యాకేజీ మాత్రం వేరే సరుకు. ఎంఎస్ అప్లికేషన్లు నింపిన అలవాటుతో దీన్ని చెయ్యబోతే ఎక్కడో ఒకచోట తేడా కొడుతుంది. ఈ సమీక్ష ఫలానా ఆఫీసు మీద కాదు. ఎక్కడ అడిగినా ప్యాకేజీలో ఉండేవి ఇంచుమించు ఇవే: ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ) రిజిస్ట్రేషన్, ప్రొఫైల్, వీడియో, కోచ్‌లకి మెయిళ్ళు, కాలేజీ అప్లికేషన్లు, ఆఖర్న వీసా. దేనికి డబ్బు పెట్టొచ్చో, ఏది ఇంట్లో కూర్చుని చేసుకోవచ్చో విడివిడిగా చూద్దాం.

ముందు తీర్పు చెప్పేస్తాం. ఐ-20 (వీసా కోసం కాలేజీ ఇచ్చే పత్రం), వీసా కాగితాల సాయం పనికొస్తుంది, ఫీజు ఇవ్వొచ్చు. వీడియో, ప్రొఫైల్ పని తీసినవాడికి ఆ ఆట తెలుసా లేదా అన్నదాన్నిబట్టి ఉంటుంది. కట్టలు కట్టలుగా పంపే మెయిళ్ళు శుద్ధ దండగ. ‘ఎన్‌సీఏఏ క్లియరెన్స్ ఇప్పిస్తాం’ అన్నది ఎవరి చేతిలోనూ లేని పని. వీటన్నిటికంటే ముందు చూడాల్సింది ఫీజు తీసుకునే పద్ధతి. పిల్లాడి కెరీర్‌కే ఎసరు పెట్టే మెలిక అందులో ఉంది.

‘అడ్వాన్సు ఏమీ వద్దండి, స్కాలర్‌షిప్ వచ్చాక అందులో పది శాతం ఇవ్వండి’ అంటే మనవాళ్ళకి చాలా న్యాయంగా కనిపిస్తుంది. రొయ్యల బేరంలో సరుకు తూగాకే దళారీకి కమిషన్ ఇచ్చే ఊళ్ళు మనవి. పని జరగందే పైసా ఇవ్వక్కర్లేదంటే అంతకంటే భద్రమైన బేరం ఏముంటుంది? కానీ ఎన్‌సీఏఏ రూలు సరిగ్గా దీన్నే కాదంటుంది. క్రీడాకారుడి వివరాలు కాలేజీలకి అందించే సంస్థకి ఫీజు ఇవ్వడంలో తప్పులేదు. ఆ ఫీజు సీటు, స్కాలర్‌షిప్ రావడం మీద గానీ, వచ్చిన స్కాలర్‌షిప్ మొత్తం మీద గానీ ఆధారపడి ఉంటే మాత్రం ఆ సంస్థని ఏజెంటు కింద లెక్కేస్తారు, ఆడే అర్హతకే ముప్పు. అంటే తండ్రికి అన్నిటికంటే భద్రంగా కనిపించిన ఒప్పందమే కొడుక్కి అన్నిటికంటే ప్రమాదం. ‘సగం ఇప్పుడు, సగం స్కాలర్‌షిప్ లెటర్ వచ్చాక’ అన్నదానికీ ఇదే తిరకాసు. వచ్చినా రాకపోయినా ఒకటే ఫీజు అని, ఏ పనికి ఎంతో విడివిడిగా కాగితం మీద రాసిచ్చేవాళ్ళతోనే మాట్లాడాలి. వినడానికి నష్టం బేరంలాగే ఉంటుంది, అయినా రూలు ఒప్పుకునేది అదే.

రూలు తెలిసిన సంస్థో కాదో తేల్చుకోవడానికి ఇంకో రెండు పరీక్షలున్నాయి. బ్రోచర్‌లో ‘నేషనల్ లెటర్ ఆఫ్ ఇంటెంట్’ (ఫలానా కాలేజీలో చేరతానని ఆటగాడు సంతకం పెట్టే పత్రం) అని ఉందేమో చూడండి. ఆ పద్ధతిని 2024 అక్టోబర్‌లో ఎత్తేశారు. ఇప్పుడు సంతకం పెట్టేది కాలేజీ ఇచ్చే ఆర్థిక సాయం ఒప్పందం మీదే. రెండోది, ఎన్‌సీఏఏ అర్హతకి శాట్ స్కోరు తప్పనిసరి అంటున్నారేమో వినండి. 2023 జనవరిలో ఆ నిబంధన తీసేశారు. కాలేజీ అడ్మిషన్‌కో, చదువు మీద ఇచ్చే స్కాలర్‌షిప్‌కో శాట్ అడగొచ్చు, అది వేరే సంగతి. ఈ రెండింట్లో ఏది కనిపించినా ఆ బ్రోచర్ పాత సరుకని అర్థం.

ఇక ఏ ఆట? అమలాపురం కుర్రాడు సాత్విక్‌సాయిరాజ్ ప్రపంచస్థాయికి వెళ్ళాక కోనసీమలో రాకెట్ పట్టని పిల్లలు తక్కువ. కానీ ఎన్‌సీఏఏ ఛాంపియన్‌షిప్ ఆటల్లో బ్యాడ్మింటన్ లేదు. కబడ్డీ, ఖోఖో, క్రికెట్, వెయిట్‌లిఫ్టింగ్, టేబుల్ టెన్నిస్ కూడా లేవు. కాలేజీల్లో బ్యాడ్మింటన్ క్లబ్బులుంటాయి గానీ వాటిని చూపించి స్పోర్ట్స్ స్కాలర్‌షిప్ అని అమ్మితే కొనకండి. మన పిల్లలకి దారి ఉన్నవి అథ్లెటిక్స్, టెన్నిస్, స్విమ్మింగ్, వాలీబాల్, బాస్కెట్‌బాల్, సాకర్, గోల్ఫ్. హాకీ ఉంది గానీ అమ్మాయిలకే. రోయింగ్‌కి ఎన్‌సీఏఏ ఛాంపియన్‌షిప్ కూడా అమ్మాయిలకే. పొడుగ్గా, బలంగా ఉండి పడవ ఎప్పుడూ నడపని అమ్మాయిల్ని కూడా కొన్ని కాలేజీల్లో కొత్తగా తీసుకుని నేర్పిస్తారు. కాలవల మధ్య పుట్టిన పిల్లలకి ఈ సంగతి ఎవరూ చెప్పరు. చదరంగం దారి పూర్తిగా వేరు. యూటీ డల్లాస్, టెక్సస్ టెక్, యూటీ రియో గ్రాండ్ వ్యాలీ, సెయింట్ లూయిస్ లాంటి యూనివర్సిటీలు చెస్ స్కాలర్‌షిప్‌లు ఇస్తాయి. దానికీ ఎన్‌సీఏఏకీ సంబంధం లేదు, కాబట్టి చెస్ పిల్లాడి చేత ఎన్‌సీఏఏ ఫీజు కట్టిస్తే అది వృథా.

మనవాళ్ళు ఈ దారిలో వెళ్ళలేదా అంటే, వెళ్ళారు. ఉయ్యూరులో పుట్టిన సాకేత్ మైనేని అలబామా యూనివర్సిటీకి టెన్నిస్ ఆడాడు. సోమ్‌దేవ్ దేవ్‌వర్మన్ వర్జీనియా యూనివర్సిటీ తరఫున 2007, 2008లో వరసగా ఎన్‌సీఏఏ సింగిల్స్ టైటిల్ గెలిచాడు. తేజస్విన్ శంకర్ కాన్సస్ స్టేట్ తరఫున 2018లోనూ, 2022లోనూ హైజంప్ గెలిచాడు. బ్రోచర్ల మీద ఇలాంటి ఫొటోలు వేస్తే మురిసిపోకండి. వాళ్ళు ఈ ప్యాకేజీ కొని వెళ్ళారని ఆ ఫొటో ఎక్కడా చెప్పదు.

ఎన్‌సీఏఏ రిజిస్ట్రేషన్ దగ్గరికొద్దాం. ఎలిజిబిలిటీ సెంటర్ వెబ్‌సైట్‌లో విదేశీ విద్యార్థి సర్టిఫికేషన్ అకౌంటుకి ఫీజు 170 డాలర్లు. వెనక్కి రాదు, ఫీజు మినహాయింపు విదేశీయులకి లేదు. ఎన్‌సీఏఏ కాలేజీలు మూడు డివిజన్లుగా ఉంటాయి. డివిజన్ 1 లేదా 2 కాలేజీ ఆసక్తి చూపించేదాకా ఉచిత ప్రొఫైల్ పేజీ సరిపోతుంది. డబ్బు కట్టగానే పని అయిపోయిందనుకోవద్దు. ఏదో ఒక కాలేజీ ‘ఈ విద్యార్థి ఫైలు మాకు కావాలి’ అని తన జాబితాలో పేరు పెట్టేదాకా ఎలిజిబిలిటీ సెంటర్ తుది నిర్ణయం చెప్పదు. అందుకే కోచ్ దొరక్కముందే ‘క్లియరెన్స్’ చేయించామని రశీదు ఇస్తే, అది కేవలం అకౌంట్ తెరిచిన రశీదు.

ఆ అకౌంటు ఎవరి ఈమెయిల్ మీద తెరిచారన్నది పెద్ద విషయం. చాలాచోట్ల ఆఫీసు మెయిల్ మీద తెరిచి పాస్‌వర్డ్ వాళ్ళే అట్టేపెట్టుకుంటారు. తర్వాత సంబంధం చెడితే అకౌంటు చేతికి రాదు. అంతకంటే ముఖ్యం, అందులో ఆటల చరిత్ర గురించి ప్రశ్నలుంటాయి. ఏ క్లబ్బుకి ఆడాడు, ప్రైజ్ మనీ ఎంత వచ్చింది, ఎవరైనా జీతం ఇచ్చారా, ఖేలో ఇండియా లాంటి పథకం డబ్బు వచ్చిందా, రైల్వేలోనో పోలీసులోనో స్పోర్ట్స్ కోటా ఉద్యోగం ఉందా. సంక్రాంతి టోర్నమెంటులో గెలిచిన నగదు కూడా ఇందులోకే వస్తుంది. కన్సల్టెన్సీ కుర్రాడు అన్నిటికీ ‘లేదు’ అని టిక్ పెట్టేసినా ఆ జవాబుకి బాధ్యుడు ఆటగాడే. డబ్బు తీసుకోవడం ప్రతిసారీ నేరం కాదు, ఆ టోర్నమెంటుకి అయిన ఖర్చుల మేరకు తీసుకోవడానికి వీలుంది. దాచడం మాత్రం నేరమే. బస్ టికెట్లు, ఎంట్రీ ఫీజు రశీదులు, హోటల్ బిల్లులు టోర్నమెంటువారీగా ఓ ఫైల్లో పెట్టుకుంటే ఖర్చు ఇంత, వచ్చింది ఇంత అని చూపించొచ్చు. ఆగస్టులో చేరేవాళ్ళయితే ఏప్రిల్ 1 తర్వాత అకౌంట్లోకి వెళ్ళి తుది అమెచ్యూర్ సర్టిఫికేషన్ (డబ్బుకి ఆడే ప్రొఫెషనల్ కాదన్న నిర్ధారణ) కోరాలి. ఈ బటన్ నొక్కడం మర్చిపోయి జూలైలో కంగారుపడేవాళ్ళు ఎక్కువ.

చదువు లెక్క ఇంకా కొంచెం లోతు. ఎన్‌సీఏఏకి హైస్కూలు అంటే తొమ్మిది నుంచి పన్నెండు. మనకి తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్ళు. డివిజన్ 1కి 16 కోర్ కోర్సులు (ఒక సబ్జెక్టు ఏడాది చదివితే ఒక కోర్సు) కావాలి: ఇంగ్లీష్ నాలుగేళ్ళు, లెక్కలు మూడేళ్ళు, సైన్స్ రెండేళ్ళు, ఈ మూడింట్లోంచే ఇంకో ఏడాది, సోషల్ రెండేళ్ళు, అదనంగా నాలుగు. కోర్ సబ్జెక్టుల్లో జీపీఏ 2.3 తగ్గకూడదు. డివిజన్ 2కి కూడా 16 కోర్సులే గానీ పంపకం వేరు: ఇంగ్లీష్ మూడు, లెక్కలు రెండు, సైన్స్ రెండు, ఆ మూడింట్లోంచి ఇంకో మూడు, సోషల్ రెండు, అదనంగా నాలుగు, జీపీఏ 2.2.

ఎంపీసీ పిల్లలకి కాగితం మీద ఇబ్బంది కనిపించదు. ఇంగ్లీష్, లెక్కలు నాలుగేళ్ళూ ఉంటాయి, ఫిజిక్స్, కెమిస్ట్రీ ఇంటర్లో విడివిడిగా వస్తాయి, సోషల్ తొమ్మిది, పదిలో అయిపోతుంది. తిరకాసు బైపీసీ వాళ్ళకి. ఇంటర్లో లెక్కలు లేవు, కాబట్టి చేతిలో ఉన్నది తొమ్మిది, పది మాత్రమే. డివిజన్ 2కి ఆ రెండేళ్ళు చాలు. డివిజన్ 1కి మూడో ఏడాది లెక్కలు ఎక్కడ చూపిస్తారన్న ప్రశ్న వస్తుంది. ఇది ఇంటర్లో గ్రూపు తీసుకునేటప్పుడే ఆలోచించాల్సింది. సెకండియర్ పరీక్షలయ్యాక కన్సల్టెన్సీ గుమ్మమెక్కితే చెయ్యగలిగేది తక్కువ. మంచి సంస్థ మొదటి రోజు అడగాల్సిన ప్రశ్న ‘ఏ గ్రూపు?’. ‘బడ్జెట్ ఎంత?’ అని మొదలుపెడితే లేచి వచ్చేయొచ్చు.

ఎక్కువమంది దగ్గర దొరకని కాగితం తొమ్మిదో తరగతి మార్కులది. టెన్త్ మెమో, ఇంటర్ మెమో భద్రంగా ఉంటాయి, తొమ్మిదో తరగతి ప్రోగ్రెస్ కార్డు మాత్రం ఎక్కడో పోతుంది. స్కూలు లెటర్‌హెడ్ మీద సబ్జెక్టువారీ మార్కులు, గరిష్ట మార్కులు, విద్యా సంవత్సరం, హెడ్‌మాస్టర్ సంతకం, ముద్ర ఉండేలా తీసుకోవాలి. ప్రైవేటు స్కూళ్ళు మూతపడటం, యాజమాన్యం మారడం మామూలే కాబట్టి పదిలో ఉండగానే తెచ్చిపెట్టుకోవడం మేలు. ఈ ఒక్క పనికి ఏ కన్సల్టెన్సీ అక్కర్లేదు, మీరు వెళ్ళి హెడ్‌మాస్టర్ గారిని అడగడమే.

ఇంటర్ తర్వాత ఖాళీ గురించి. మన దగ్గర లాంగ్ టర్మ్ అలవాటు. ఎన్‌సీఏఏ డివిజన్ 1లో చాలా ఏళ్ళుగా ఉన్న పద్ధతి ప్రకారం హైస్కూలు పూర్తవ్వాల్సిన తేదీ నుంచి చాలా ఆటలకి ఏడాది గడువు, టెన్నిస్‌కి ఆరు నెలలు. అది దాటి కాలేజీలో చేరకుండా టోర్నమెంట్లు ఆడుతూ పోతే ఆడే సీజన్లు పోగొట్టుకోవాల్సి వస్తుంది. సప్లిమెంటరీ రాసి పాసైనా లెక్క అసలు పాసవ్వాల్సిన బ్యాచ్‌తోనే మొదలవుతుంది. ‘ఈలోపు ఖాళీగా ఎందుకు, ఇక్కడే బీటెక్‌లో వేద్దాం’ అన్నది ఇంకో పితలాటకం. ప్రపంచంలో ఏ కాలేజీలోనైనా ఫుల్‌టైమ్ చేరిన రోజు నుంచి డివిజన్ 1 అయిదేళ్ళ గడియారం మొదలు, పైగా అమెరికాలో అతను ట్రాన్స్‌ఫర్ విద్యార్థి అవుతాడు. ఈ గడువుల రూల్స్ తరచు కదులుతుంటాయి కాబట్టి చేరబోయే ఏటి ఎన్‌సీఏఏ గైడే ప్రమాణం, కన్సల్టెన్సీ గోడమీది ఫ్లెక్సీ కాదు. గైడు వెబ్‌సైట్‌లో ఉచితం.

ప్రొఫైల్, వీడియో. ఇక్కడ పనివాడి చెయ్యి తెలిసిపోతుంది. స్కూల్ గేమ్స్ సర్టిఫికెట్‌లో ‘ప్రథమ స్థానం’ అని ఉంటుంది. అమెరికా కోచ్‌కి స్థానం అక్కర్లేదు, అంకె కావాలి. 100 మీటర్లు 11.0 అని రాస్తే అది చేతి వాచీ టైమా, ఎలక్ట్రానిక్ టైమా అని మొదట అడుగుతాడు. చేతి టైమింగ్‌కి స్ప్రింట్లలో 0.24 సెకను కలిపి చూస్తారు. అంటే ఆ 11.0 వాళ్ళ లెక్కలో 11.24. గాలి వేగం రాయని స్ప్రింట్, లాంగ్‌జంప్ మార్కుల్ని (ఆటలో మార్కు అంటే ఆ టైము, దూరం) అనుమానంగానే చూస్తారు. ఎలక్ట్రానిక్ టైమింగ్ ఉన్న రాష్ట్ర, జాతీయ స్థాయి పోటీల ఫలితాల షీటు, లింకుతో సహా పెట్టాలి.

త్రోల్లో ఇంకా గొడవ. అండర్-18 అబ్బాయిల షాట్‌పుట్ 5 కిలోలు, అండర్-20కి 6 కిలోలు, అమెరికా హైస్కూలుకి 12 పౌండ్లు, కాలేజీలో 7.26 కిలోలు. జావెలిన్ అండర్-18 అబ్బాయిలకి 700 గ్రాములు, కాలేజీలో 800. డిస్కస్ 1.5, 1.75, కాలేజీలో 2 కిలోలు. అమ్మాయిలకి అండర్-18లో షాట్ 3 కిలోలు, జావెలిన్ 500 గ్రాములు, కాలేజీకి వచ్చేసరికి 4 కిలోలు, 600 గ్రాములు. ప్రొఫైల్లో బరువు రాయకుండా ‘షాట్‌పుట్ 16 మీటర్లు’ అని పెడితే కోచ్ దాన్ని ఎటూ లెక్కేసుకోలేడు. హర్డిల్స్‌కి ఎత్తు రాయకపోవడం కూడా ఇలాంటిదే. ప్యాకేజీలో తయారైన ప్రొఫైల్లో ఈ బరువులు, ఎత్తులు ఉన్నాయో లేదో చూస్తే చాలు, రాసినవాడికి ఆట తెలుసో లేదో నిమిషంలో తేలిపోతుంది.

ఈతగాళ్ళకి కొలను పొడవు. మన పోటీలు ఎక్కువగా 50 మీటర్ల కొలనులో, అమెరికా కాలేజీ సీజన్ 25 గజాల కొలనులో. వంద గజాలంటే 91.44 మీటర్లే, మలుపులు కూడా ఎక్కువ. 100 ఫ్రీస్టైల్ 54 సెకన్లలో ఈదే పిల్లాడికి గజాల్లో ఆరేడు సెకన్లు తగ్గుతాయి. మార్చిన టైము ఒక్కటే ఇవ్వకుండా అసలు టైము, కొలను పొడవు, పోటీ పేరు, తేదీ ఇవ్వాలి. మార్చుకోవడం కోచ్‌కి తెలుసు. టెన్నిస్ కోచ్‌లు మన ఏఐటీఏ (అఖిల భారత టెన్నిస్ సంఘం) ర్యాంకు కంటే యూటీఆర్ (యూనివర్సల్ టెన్నిస్ రేటింగ్) చూస్తారు, ఐటీఎఫ్ (అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య) జూనియర్ ఫలితాలు చూస్తారు. యూటీఆర్ లేకుండా టెన్నిస్ ప్యాకేజీ కొనడం అనవసరం.

వీడియోకి డ్రోన్ షాట్లు, వెనక పాట, నిప్పులు చిమ్మే పేరు అక్షరాలు వద్దు. మూడు నాలుగు నిమిషాలు చాలు. మొదటి అయిదు సెకన్లలో పేరు, ఇంటర్ పూర్తయ్యే సంవత్సరం, ఎత్తు, ఈవెంటు, మార్కు. జావెలిన్‌కి కెమెరా రన్‌వేకి పక్కనుంచి స్టాండు మీద నిలకడగా ఉండాలి. చివరి అడుగులు, కాలు ఆనించడం, చెయ్యి వదలడం ఒకే ఫ్రేములో కనపడాలి, తర్వాత టేపు పెట్టి కొలవడం కూడా. వాలీబాల్‌కి కెమెరా ఎండ్‌లైన్ వెనక ఎత్తులో పెట్టి కోర్టంతా కనపడేలా తియ్యాలి. స్పైకులు మాత్రమే కోసి అతికిస్తే సర్వీస్ అందుకోవడం, బ్లాక్ తర్వాత కదలిక కోచ్‌కి కనపడవు. ఒక పూర్తి సెట్ కోత లేకుండా వేరే లింకులో ఇవ్వాలి. నిలబడి చెయ్యి అందే ఎత్తు, పరుగెత్తి ఎగిరితే అందే ఎత్తు సెంటీమీటర్లలో రాయాలి. కొబ్బరితోటల్లో కట్టిన నెట్ ఎత్తు ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది కాబట్టి మగపిల్లలకి 2.43, ఆడపిల్లలకి 2.24 మీటర్ల నెట్ మీద ఆడిన మ్యాచే తియ్యండి. పెళ్ళి వీడియోలు తీసే కుర్రాణ్ణి ఈ సూచనలిచ్చి పిలిస్తే ప్యాకేజీలో వచ్చేదానికంటే మంచి వీడియో వస్తుంది. పాట వెయ్యకుండా ఆపడమే కష్టం.

‘వెయ్యి మంది కోచ్‌లకి మెయిల్ పంపుతాం’ అన్న లైను చూసి ముచ్చటపడకండి. ఒకే అడ్రసు నుంచి, ఒకే మాటలతో, పేరు మార్చి వచ్చే మెయిల్ కోచ్‌లకి చూడగానే తెలుస్తుంది. వాళ్ళకి కావాల్సింది పిల్లాడు సొంత మెయిల్ నుంచి రాసిన పది లైన్లు. అడ్రసులు దాపరికం కాదు, ప్రతి కాలేజీ అథ్లెటిక్స్ వెబ్‌సైట్‌లో స్టాఫ్ పేజీలో ఉంటాయి. అక్కడే రిక్రూటింగ్ ప్రశ్నావళి కూడా ఉంటుంది, అది నింపి, తర్వాత ఆ ఈవెంటు చూసే అసిస్టెంట్ కోచ్‌కి రాయాలి. సబ్జెక్టు లైనులోనే సంవత్సరం, ఈవెంటు, మార్కు పెట్టాలి: ‘2027, జావెలిన్ 800 గ్రా., 62.40 మీ., ఇండియా’ అన్నట్టు.

ఏ కాలేజీకి రాయాలన్నది ఎలా తేల్చుకోవాలి? అథ్లెటిక్స్‌కి టీఎఫ్‌ఆర్‌ఆర్‌ఎస్, ఈతకి స్విమ్‌క్లౌడ్ వెబ్‌సైట్లలో కాలేజీల ఫలితాలున్నాయి. ఆ కాలేజీ ఆడే కాన్ఫరెన్స్ (కొన్ని కాలేజీల లీగు) ఛాంపియన్‌షిప్ ఫలితం తెరిచి, మీ ఈవెంటులో ఎనిమిదో స్థానం మార్కు చూడండి. అథ్లెటిక్స్‌లో మామూలుగా ఎనిమిదో స్థానం దాకా పాయింట్లు ఉంటాయి. మీ మార్కు దానికి దగ్గర్లో ఉంటే ఆ కోచ్‌కి మీరు పనికొస్తారు, మెయిల్ చదువుతాడు. చాలా కింద ఉంటే డివిజన్ 2, ఎన్‌ఏఐఏ (ఎక్కువగా చిన్న కాలేజీలుండే వేరే సంఘం), ఎన్‌జేసీఏఏ (రెండేళ్ళ కాలేజీల సంఘం) కాలేజీల్లో అదే పని చెయ్యాలి. ఒక ఆదివారం కూర్చుంటే ముప్ఫై కాలేజీల జాబితా తయారవుతుంది. ఇంకో సంగతి, డివిజన్ 1 కోచ్‌లు చాలా ఆటల్లో టెన్త్ అయ్యాక వచ్చే జూన్ 15 ముందు జవాబివ్వకూడదు, కొన్ని ఆటల్లో ఇంకా ఆలస్యం. అప్పటిదాకా జవాబు రాకపోతే తిరస్కరించారని కాదు. దీన్ని అడ్డుపెట్టుకుని ‘మీ మెయిల్‌కి జవాబు రాదు, మా పరిచయాలతోనే వస్తుంది’ అనేవాళ్ళున్నారు.

పూర్తి స్కాలర్‌షిప్ గ్యారంటీ అన్న మాట ఎవరన్నా నమ్మొద్దు. డివిజన్ 3లోనూ, హార్వర్డ్, యేల్ లాంటివి ఉన్న ఐవీ లీగ్‌లోనూ అసలు స్పోర్ట్స్ స్కాలర్‌షిప్పే లేదు, చదువు మీదో, కుటుంబ ఆదాయం మీదో ఇచ్చేవి ఉంటాయి. ఎన్‌జేసీఏఏలో డివిజన్ 3 కూడా అంతే. డివిజన్ 1లో 2025 జూలై నుంచి కొత్త కోర్టు ఒప్పందంలో చేరిన కాలేజీలకి స్కాలర్‌షిప్ పరిమితి పోయి జట్టు సైజుకి పరిమితి వచ్చింది. టెన్నిస్ జట్టు పదిమందే. చోటు తక్కువ కాబట్టి కోచ్‌లు ఇంకా ఆచితూచి తీసుకుంటున్నారు. అథ్లెటిక్స్, ఈత, టెన్నిస్ లాంటి ఆటల్లో ఉన్న డబ్బుని పదిమందికి పంచడమే ఎక్కువ. మార్కులు బాగుంటే చదువు స్కాలర్‌షిప్ దాని మీద కలుస్తుంది, అందుకే ప్రాక్టీసు పేరు చెప్పి ఇంటర్ మార్కులు వదులుకోవడం తెలివైన పని కాదు.

బ్రోచర్లో ‘ఎన్‌ఐఎల్ ద్వారా సంపాదన’ (ఆటగాడి పేరు, బొమ్మ వాడుకున్నందుకు వచ్చే డబ్బు) అని ఉంటే కొట్టెయ్యండి. ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద ఉన్నవాళ్ళు అమెరికాలో పేరు, బొమ్మ వాడుకునేందుకు డబ్బు తీసుకుని పని చేస్తే వీసాకే ముప్పు. సెమిస్టర్ నడిచేటప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటల పని వరకే అనుమతి.

ఇక కన్సల్టెన్సీ నిజంగా పనికొచ్చే చోటు: ఐ-20, వీసా. ఇది వాళ్ళకి చేతికి అలవాటైన పని. కాలేజీ ఖర్చులోంచి స్కాలర్‌షిప్ తీసేయగా మిగిలిన మొత్తానికి బ్యాంకులో డబ్బు చూపించాలి. మన దగ్గర ఆస్తి కొబ్బరితోటలోనో, చేపల చెరువులోనో, వరిచేలోనో ఉంటుంది. వాటికి చార్టర్డ్ అకౌంటెంట్ కట్టిచ్చిన విలువ చూస్తే బాగానే ఉంటుంది గానీ, కాలేజీలు సాధారణంగా అడిగేది వెంటనే తీసుకోగల డబ్బు. ఫిక్స్‌డ్ డిపాజిట్, సేవింగ్స్ స్టేట్‌మెంట్, ఎడ్యుకేషన్ లోన్ శాంక్షన్ లెటర్ లాంటివి. తోటని తాకట్టుపెట్టి లోన్ శాంక్షన్ తెచ్చుకుంటే అదే ఆస్తి పనికొస్తుంది.

పేర్ల తలనొప్పి కూడా ఇక్కడే తీర్చుకోవాలి. టెన్త్ మెమోలో ఇంటిపేరు ఇనీషియల్‌గా, పాస్‌పోర్టులో పూర్తిగా, ఫెడరేషన్ కార్డులో ఇంకో స్పెల్లింగ్‌తో ఉండటం మనకి మామూలే. పాస్‌పోర్టులో ఇంటిపేరు, పేరు రెండు గడులూ నిండి ఉండాలి. పేరంతా ఇంటిపేరు గడిలోనే పడితే అమెరికా వీసాలో పేరు చోట ఎఫ్‌ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు) అని పడుతుంది. ఎన్‌సీఏఏ అకౌంటు, కాలేజీ అప్లికేషన్, ఐ-20 అన్నీ పాస్‌పోర్టు ప్రకారమే ఉండాలి. పోటీల ఫలితాల్లో వేరే స్పెల్లింగ్ ఉంటే మెయిల్లోనే ముందుగా చెప్పేయాలి.

ఐ-20 వచ్చాక సెవిస్ (విదేశీ విద్యార్థుల రికార్డు వ్యవస్థ) ఫీజు 350 డాలర్లు, డీఎస్-160 (ఆన్‌లైన్ వీసా దరఖాస్తు), వీసా ఫీజు 185 డాలర్లు. 2025 జూన్ నుంచి విద్యార్థి వీసా అడిగేవాళ్ళు సోషల్ మీడియా ఖాతాలన్నీ పబ్లిక్‌గా పెట్టమని చెప్తున్నారు. రీల్స్ పెట్టే పిల్లలకి ఈ మాట ముందే చెప్పండి. హైదరాబాద్ కాన్సులేట్ నానక్‌రామ్‌గూడలో ఉంది. కాకినాడ నుంచి లింగంపల్లి దాకా వెళ్ళే గౌతమి ఎక్స్‌ప్రెస్ అక్కడికి దగ్గర్లో దింపుతుంది. వేలిముద్రల అపాయింట్‌మెంట్, ఇంటర్వ్యూ వేరు వేరు రోజుల్లో పడొచ్చు కాబట్టి తిరుగు టికెట్ తొందరపడి కొనకండి. ఇంటర్వ్యూలో ఆట గురించి అడిగితే ఈవెంటు, మార్కు, కోచ్ పేరు, చదవబోయే సబ్జెక్టు తడుముకోకుండా చెప్పాలి. కన్సల్టెన్సీ బట్టీ పట్టించిన జవాబులు ఇక్కడ దెబ్బతీస్తాయి.

చేరడానికి ముందు వైద్య కాగితాల గురించి ప్యాకేజీలు దాదాపు మాట్లాడవు. ఆటకి దిగేముందు ఆరు నెలల్లోపు చేసిన వైద్య పరీక్ష కావాలి. సికిల్ సెల్ ట్రెయిట్ (వంశపారంపర్యంగా వచ్చే ఒక రక్త లక్షణం) ఉందో లేదో రిపోర్టు అడుగుతారు. అది మామూలు రక్తపరీక్షే, కాకినాడలోనో రాజమండ్రిలోనో చేయించుకుని వెళ్తే అక్కడి ఖర్చు తప్పుతుంది. క్షయ పరీక్షకి మనవాళ్ళ చేతికి సూది వేస్తే చిన్నప్పటి బీసీజీ టీకా వల్ల పాజిటివ్ రావచ్చు, అందుకని ఐజీఆర్‌ఏ రక్తపరీక్ష చేస్తామంటే దాన్నే ఎంచుకోండి. ఎంఎంఆర్ రెండు డోసుల కాగితం దొరక్కపోతే మళ్ళీ వేయించుకోవడమే తేలిక. ఉబ్బసానికి ఇన్‌హేలర్ వాడేవాళ్ళు డాక్టర్ చీటీ, పాత రిపోర్టులు పట్టుకెళ్ళాలి. జిమ్ము షాపులో అమ్మే పొడులు మాత్రం సూట్‌కేసులో పెట్టొద్దు. డోపింగ్ పరీక్షలో ఏదైనా బయటపడితే డబ్బా మీద రాయలేదన్న జవాబు చెల్లదు.

స్కాలర్‌షిప్ లెటర్‌లో ట్యూషన్, పుస్తకాలు ఒక లెక్క, హాస్టల్, భోజనం ఇంకో లెక్క. రెండో దానికి అమెరికాలో పన్ను ఉంది. ఎఫ్-1 విద్యార్థుల విషయంలో కాలేజీలు మామూలుగా 14 శాతం ముందే పట్టుకుంటాయి, లేదా విద్యార్థి ఖాతాలో బాకీగా చూపిస్తాయి. రూము, భోజనం ఉచితమని చేరిన పిల్లాడికి సెమిస్టర్ మధ్యలో కొన్ని వందల డాలర్ల బిల్లు వచ్చేది దీనివల్లే. లెటర్ మీద సంతకం పెట్టేముందు కాలేజీలో విదేశీ విద్యార్థుల ఆఫీసుకి మెయిల్ పెట్టి, ఏ సెమిస్టర్‌కి ఎంత పట్టుకుంటారో, అది స్కాలర్‌షిప్‌లోంచి పోతుందా చేతినుంచి కట్టాలా అన్నది రాతపూర్వకంగా తెప్పించుకోండి.